పోయిన నెల జీతం కట్ చేశారు, లంచ్ బ్రేక్ రిజిస్టర్‌లోనే ఉంది – ఒప్పుకుంటున్నా అని సైన్ పెట్టాలా?

బిల్లింగ్_కౌంటర్_3:

అందరికీ నమస్తే, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. తెలంగాణలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్‌లో చేస్తున్నా, షోరూం పేరు వద్దులెండి. జాయినై 14 నెలలైంది, జీతం 21,000. ఈ నెల 2వ తారీఖు పొద్దున్నే స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో మేనేజర్ మెసేజ్ పెట్టాడు, సేల్స్ డల్‌గా ఉన్నాయి కాబట్టి పోయిన నెల నుంచే అందరికీ 15 శాతం తగ్గిస్తున్నాం, సహకరించగలరు అని. పోయిన నెల అంటే మేం ఆల్రెడీ చేసేసిన నెలండి! ముందు ఒక్క ముక్క చెప్పలేదు.

7న స్లిప్ వచ్చింది. పీఎఫ్, ఈఎస్ఐ పక్కన పెడితే కటింగ్‌లు ఇలా ఉన్నాయి: 15 శాతం కింద 3,150. నెలలో మూడుసార్లు లేట్ అయ్యానని హాఫ్ డే కట్, 350 (ఆ మూడుసార్లూ ఎంత లేట్ అంటే 7 నిమిషాలు, 12 నిమిషాలు, 9 నిమిషాలు). ఒకరోజు క్యాష్ కౌంటర్‌లో 560 తక్కువొచ్చింది, ఆ రోజు కౌంటర్లో ఇద్దరం ఉన్నాం, ఎవరి వల్ల పోయిందో చూడకుండా చెరి 280 కోసేశారు.

ఇక బ్రేక్ సంగతి. డ్యూటీ 11 నుంచి 8, మధ్యలో గంట లంచ్ అని రిజిస్టర్‌లో రాసి ఉంటుంది. కానీ బిల్లింగ్‌కి మనుషులు తక్కువ, వెనక స్టాక్ రూంలో అట్టపెట్టె మీద కూర్చుని బాక్స్ తెరిచేలోపే "కౌంటర్ ఖాళీగా ఉంది, రండి" అని పిలుపు. నిజంగా దొరికేది పావుగంట. నెలాఖర్న మాత్రం అందరి పేర్ల పక్కన 1.30–2.30 అని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో రాసి సైన్ పెట్టమంటారు.

ఇప్పుడు ఒక పేపర్ ఇచ్చారు. "నా ఇష్టపూర్వకంగా జీతం తగ్గింపుకు ఒప్పుకుంటున్నాను" అని ఉంది, తారీఖు మాత్రం పోయిన నెల 1 అని వేసి ఉంది. శనివారంలోపు సైన్ చేసివ్వాలంట. ఇదేంటి సార్ అని అడిగితే నచ్చకపోతే మానెయ్ అన్నాడు. సైన్ పెట్టాలా వద్దా? కటింగ్‌ల గురించి ఎవర్ని అడగాలి? బ్రేక్ ఇవ్వనందుకు ఏమైనా వస్తుందా లేక దాన్ని మర్చిపోవడమేనా?

—

పాత_యూనియన్_మనిషి:

తమ్ముడూ, ముందు ఒక్క మాట, ఆ పాత తారీఖు పేపర్ మీద సైన్ పెట్టకు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. పాత డేట్ ఎందుకు వేశారంటే చేసిన తప్పు వాళ్లకి తెలుసు కాబట్టి, నువ్వు ముందే ఒప్పుకున్నట్టు చూపించాలి కాబట్టి.

ఇందులో రెండు వేరే వేరే విషయాలున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడటమే మేనేజర్ల తెలివి. ఒకటి, చేసేసిన పనికి జీతం తగ్గించడం. రెండోది, ఇకనుంచి తగ్గించడం. మొదటిది ఏ లెక్కన చూసినా కుదరదు. నెల మొదలైనప్పుడు 21,000 అనే మాట మీద పనిచేశావు, నెల అయిపోయింది, ఆ డబ్బు నీది, వాళ్ల దగ్గర ఉందంతే. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి కదా, అందులో 2019 నాటి వేజెస్ కోడ్ ఉంది, దాని 18వ సెక్షన్‌లో జీతంలోంచి ఏమేం కోయొచ్చో లిస్ట్ ఉంటుంది. ఫైన్, రాని రోజులు, నువ్వు చేసిన నష్టం, అడ్వాన్స్, అప్పు, పీఎఫ్, ఇన్‌కం ట్యాక్స్, కోర్టు ఆర్డర్, ఇలాంటివి. "సేల్స్ డల్‌గా ఉన్నాయి" అనేది ఆ లిస్ట్‌లో లేదు. లిస్ట్‌లో లేనిది కోయకూడదు. లిస్ట్‌లో ఉన్నవి కూడా అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఇంకోటి, అదే కోడ్ 60వ సెక్షన్ ప్రకారం రావాల్సిన డబ్బు వదులుకుంటున్నా అని నీచేత రాయించుకున్నా ఆ కాగితం చెల్లదు. కాబట్టి ఎవరైనా భయపడి ఇప్పటికే సైన్ పెట్టేసినా పోయిందేమీ లేదు, కాకపోతే పెట్టకుండా ఉంటే తలనొప్పి తక్కువ.

రెండోది, ముందుముందు తగ్గించడం. అది కూడా వాట్సాప్‌లో మెసేజ్ కొట్టి అయిపోయిందనుకునేది కాదు. 2020 ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో 40వ సెక్షన్ ఉంది, పాత 1947 చట్టంలో 9ఏ అని ఉండేదే, మేం దాన్ని పట్టుకునే పాతికేళ్లు కొట్లాడాం. వర్కర్ల సర్వీసు షరతులు మార్చాలంటే 21 రోజుల ముందు నోటీస్ ఇవ్వాలి. ఏ షరతులు అనేదానికి వెనక షెడ్యూల్ ఉంది, అందులో మొదటిదే జీతం, కాస్త కిందికొస్తే పని గంటలూ రెస్ట్ ఇంటర్వెల్సూ. అంటే నువ్వు అడిగిన రెండూ ఒకే షెడ్యూల్‌లో ఉన్నాయి చూడు. బిల్లింగ్‌లో చేసేవాడు వర్కర్ కాదని ఎవడూ అనలేడు. ఇంకా ఎన్ని నోటీసులిచ్చినా మినిమం వేజ్ కిందికి మాత్రం దిగకూడదు, నువ్వు ఒప్పుకున్నా దిగకూడదు.

—

బిల్లింగ్_కౌంటర్_3:

థాంక్యూ బాబాయ్. తమ్ముడు కాదు, చెల్లి అనుకోండి 🙂 ఆ లేట్ కట్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి, దాన్ని మాత్రం "కంపెనీ పాలసీ, జాయిన్ అయ్యేటప్పుడు సైన్ చేశావు" అంటున్నారు, నిజంగానే జాయినింగ్ పేపర్లలో మూడు లేట్‌లు అంటే హాఫ్ డే అని ఉంది.

—

హెచ్ఆర్_లో_పదేళ్లు:

నేను అటువైపు మనిషిని, అయినా చెప్తా. మూడు లేట్‌లకి హాఫ్ డే అనేది మన దగ్గర సగం ఆఫీసుల్లో ఉంటుంది, నేనే ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫార్ములా పెట్టించాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. కానీ వేజెస్ కోడ్ 20వ సెక్షన్ చాలా సింపుల్, రాని టైమ్‌కి రాని టైమ్ మేరకే కట్. దామాషా అన్నమాట. మీ లెక్క వేద్దాం. 21,000ని 30తో భాగిస్తే రోజుకి 700. 8 గంటలకి గంటకి 87.50. మీరు లేట్ అయింది 7, 12, 9 మొత్తం 28 నిమిషాలు. అంటే దగ్గరదగ్గర 41 రూపాయలు. కోసింది 350. మిగతా 309 ఏంటి మరి? దానికి ఒకటే పేరు, ఫైన్.

ఫైన్ వేయొచ్చు, వేయకూడదని కాదు. కానీ 19వ సెక్షన్ దానికి ఎన్ని ముళ్లు పెట్టిందో చూడండి. ఏ తప్పులకి ఫైన్ అనేది గవర్నమెంట్ నుంచి ముందే అప్రూవల్ తీసుకుని నోటీస్ బోర్డు మీద పెట్టాలి. ఫైన్ వేసే ముందు మీ మాట వినాలి. నెల మొత్తంలో ఫైన్‌లన్నీ కలిపి జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే మీ 21,000 మొత్తం లెక్కలోకి తీసుకున్నా 630. వాయిదాల్లో వసూలు చేయకూడదు, 90 రోజులు దాటాక అస్సలు చేయకూడదు. అన్నిటికంటే నాకు నచ్చేది ఏంటంటే ఆ వసూలైన డబ్బు రిజిస్టర్‌లో రాసి స్టాఫ్‌కి పనికొచ్చే వాటికే ఖర్చుపెట్టాలి, ఓనర్ జేబులోకి పోకూడదు. మీ షోరూంలో ఫైన్‌ల రిజిస్టర్ చూపించమని అడగండి ఒకసారి. పదేళ్లలో నాకు ఆ రిజిస్టర్ కనబడింది రెండే చోట్ల, ఒక చోట అందులో పాల లెక్కలు రాసుకుంటున్నారు.

క్యాష్ షార్టేజ్ కొంచెం తేడా. మీ చేతికి అప్పజెప్పిన క్యాష్ మీ నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితే కోయొచ్చు, పోయినంత వరకే. కానీ తేలాలి. మీ వివరణ అడగాలి. ఇద్దరిలో ఎవరో తెలీదు కాబట్టి చెరి సగం అనేది తేల్చడం కాదు, పంచుకోవడం. ఒకే లాగిన్‌తో ఇద్దరూ బిల్ కొడుతున్నారా? అదే అయితే తప్పు సిస్టమ్ పెట్టినవాళ్లది, మీ రిప్లైలో ఆ ముక్క రాయండి. ఈ రోజు నుంచి కౌంటర్ చేతులు మారేటప్పుడల్లా క్యాష్ ఎంతుందో చిన్న చీటీ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

ఒక విషయం మాత్రం జాగ్రత్త. ఎంక్వైరీ చేసి ఇంక్రిమెంట్ ఆపడం, కింది పోస్టుకి దించడం లాంటి పనిష్మెంట్ రూల్స్ ప్రకారం చేస్తే దాని వల్ల తగ్గిన జీతాన్ని "డిడక్షన్" అనరు. మీ కేసు అది కాదు, కానీ తెలివైన హెచ్ఆర్ దాన్ని అలా మార్చడానికి చూస్తాడు.

—

చిన్న_షాపు_ఓనర్:

అందరూ ఓనర్‌ని తిడుతున్నారు, మాకూ బాధలుంటాయి స్వామీ. అద్దె తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు, కస్టమర్లు మాత్రం షాపులో ట్రై చేసి ఆన్‌లైన్‌లో కొంటారు. ఆరుగురు స్టాఫ్ నాకు. 2020 లాక్‌డౌన్‌లో నేను కూడా జీతాలు తగ్గించా, అప్పుడు మార్చి 29న సెంటర్ పూర్తి జీతం ఇవ్వాలని ఆర్డర్ ఇచ్చింది, మళ్లీ మేలో తీసేసింది, జూన్‌లో సుప్రీంకోర్టు మీరూ మీరూ కూర్చుని మాట్లాడుకోండి అంది. నేను చేసింది అదే. అందర్నీ కూర్చోబెట్టి ఖాతా పుస్తకం ముందు పెట్టి వచ్చే నెల నుంచి ఇంత తగ్గుతుంది, నాలుగు నెలలు, బదులుగా వారానికి ఇంకో రోజు సెలవు అని చెప్పా, ఐదుగురు సరే అన్నారు, ఒకతను వెళ్లిపోయాడు. అయిపోయిన నెలకి తగ్గించడం మాత్రం నాకే నచ్చలేదు, అది చెయ్యకూడదు. కానీ లేబర్ ఆఫీసు దాకా పోతే మళ్లీ అదే షాపులో మొహం మొహం చూసుకుని పనిచెయ్యగలరా అనేది కూడా ఆలోచించుకో అమ్మా.

—

పాత_యూనియన్_మనిషి:

ఓనర్ గారూ మీరు చేసింది పద్ధతి, కాదనను. ఆ అమ్మాయి ఓనర్ ఆ పద్ధతిలో పోయుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

చెల్లెమ్మా, మానెయ్ అన్నాడని భయపడకు. తెలంగాణలో 1988 షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ యాక్ట్ 47వ సెక్షన్ ప్రకారం ఆర్నెల్లు దాటి చేస్తున్నవాళ్లని సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు నెల జీతమో ఇవ్వకుండా తీసెయ్యడానికి లేదు. నీకు 14 నెలలు. అందుకే వాళ్లు "తీసేస్తాం" అనరు, "మానెయ్" అంటారు, తేడా గమనించు. కోపంలో రిజైన్ లెటర్ మాత్రం రాసివ్వకు. ఎప్పుడైనా నీ అంతట నువ్వే మానేసినా రెండు వర్కింగ్ డేస్‌లో మొత్తం జీతం సెటిల్ చెయ్యాలని వేజెస్ కోడ్‌లోనే ఉంది, 45 రోజులు ఆగాలి అనేది వాళ్లు అల్లిన కథ.

ఇక బ్రేక్. షాపుల చట్టం ప్రకారం 5 గంటలు దాటి ఏకబిగిన పని చేయించకూడదు, మధ్యలో రెస్ట్ ఉండాలి. పాత ఫ్యాక్టరీస్ యాక్ట్‌లో కూడా అంతే, 55వ సెక్షన్, 5 గంటలకి మించకుండా కనీసం అరగంట. 2025 జూలైలో తెలంగాణ ఒక ఆర్డర్ ఇచ్చింది, రోజుకి 10 గంటల దాకా, 6 గంటల్లోపు అరగంట రెస్ట్ అని, అది చూపించి మిమ్మల్ని బెదిరిస్తారేమో, కానీ అది ఆఫీసుల్లాంటి కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకి, షాపులని అందులోంచి మినహాయించారు. పైగా అందులోనూ వారానికి 48 గంటలే.

ఇవ్వని బ్రేక్‌కి వేరే పరిహారం అంటూ మన దగ్గర లేదు. కానీ దాన్ని ఇంకో తలుపు గుండా తేవచ్చు. మీది 11 నుంచి 8, అంటే 9 గంటలు, గంట బ్రేక్ తీసేస్తే 8, వారానికి 48, అంచుదాకా వచ్చేశారు. ఆ బ్రేక్‌లో ముప్పావుగంట పనిచేస్తే ఆ ముప్పావుగంట 8 గంటల పైన పడుతుంది, అది ఓవర్‌టైమ్, దానికి రెట్టింపు రేటు. నెలలో ఎన్ని రోజులు పోయిందో రాసుకున్నావా?

—

బిల్లింగ్_కౌంటర్_3:

రాసుకోలేదు బాబాయ్. కానీ బిల్ కొట్టినప్పుడు సిస్టమ్‌లో నా ఐడీ, టైమ్ పడతాయి (అవును, లాగిన్ నాకు వేరేగా ఉంది, కానీ క్యాష్ డ్రాయర్ ఒకటే). నిన్న సాయంత్రం డే రిపోర్ట్ తీసేటప్పుడు పోయిన నెలవి కూడా చూశా. 26 రోజుల్లో 19 రోజులు 1.45కీ 2.30కీ మధ్య నా ఐడీ మీద బిల్లులున్నాయి. రిజిస్టర్ ప్రకారం అప్పుడు నేను లంచ్‌లో ఉన్నా 😅

—

హెచ్ఆర్_లో_పదేళ్లు:

అబ్బ, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. 19 రోజులు, రోజుకి ముప్పావుగంట, 14 గంటల పావు. గంటకి 87.50కి రెట్టింపు 175. దాదాపు 2,490 రూపాయలు, ఒక్క నెలకి. కాకపోతే ఆ రిపోర్ట్‌లు మీ ఫోన్‌లోకి ఎక్కించుకోకండి, కస్టమర్ల పేర్లు నంబర్లు అందులో ఉంటాయి, డేటా దొంగతనం అని మీ మీదే కేసు తిప్పుతారు. తారీఖు, మొదటి బిల్లు టైమ్, చివరి బిల్లు టైమ్ మీ డైరీలో రాసుకోండి చాలు, అసలు రికార్డ్ తెమ్మని లేబర్ ఆఫీసర్ వాళ్లనే అడుగుతాడు. క్లెయిమ్ పడ్డాక జీతం సరిగ్గా ఇచ్చామని నిరూపించుకోవాల్సింది ఎంప్లాయరే, కోడ్ 59వ సెక్షన్. ఈ నెల నుంచి రిజిస్టర్‌లో సైన్ పెట్టేటప్పుడు పక్కన చిన్నగా "బ్రేక్ 15 ని." అని మీ చేత్తో రాయండి. రాయనివ్వకపోతే రాయనివ్వలేదని అదే రోజు మెయిల్ పెట్టండి.

—

కాలిఫోర్నియా_తెలుగు:

మధ్యలో దూరుతున్నా సారీ. ఇక్కడ గంటల లెక్కన చేసేవాళ్లకి 5 గంటలు దాటి చేస్తే 30 నిమిషాల మీల్ బ్రేక్ ఇవ్వాలి, ఆ రోజు ఇవ్వకపోతే ఒక గంట జీతం ఎక్స్‌ట్రా ఇవ్వాలి. అందుకే నేను చేసిన స్టోర్‌లో మేనేజరే వచ్చి "వెళ్లి తిను, ప్లీజ్" అని బతిమాలేవాడు. మన మీద ప్రేమ కాదు, ఆ గంట డబ్బు భయం.

—

టీమ్‌లీడ్_కష్టాలు:

నాది సాఫ్ట్‌వేర్, టీమ్ లీడ్ అని పేరు, జీతం 90 వేలు. మాక్కూడా 10 శాతం కట్ అని మెయిల్ వచ్చింది, వచ్చే నెల నుంచి. ఈ 21 రోజుల నోటీస్ నాకూ వర్తిస్తుందా లేక అదంతా కింది స్టాఫ్‌కేనా?

—

హెచ్ఆర్_లో_పదేళ్లు:

మీరు నిజంగా మనుషుల్ని మేనేజ్ చేసే పని చేస్తుంటే ఆ నోటీస్ సెక్షన్ దొరక్కపోవచ్చు. సూపర్‌వైజరీ పనిలో 18,000 దాటితే ఐఆర్ (ఇండస్ట్రియల్ రిలేషన్స్) కోడ్‌లో వర్కర్ కాదు. పేరుకి లీడ్, రోజంతా కోడే రాస్తున్నా అంటే వాదించొచ్చు, చూసేది హోదాని కాదు పనిని. కానీ వేజెస్ కోడ్‌కి ఆ గీత లేదు, పాత 1936 చట్టంలో 24,000 లిమిట్ ఉండేది, ఇప్పుడు మేనేజర్లు కూడా ఎంప్లాయీలే. కాబట్టి చేసిన నెలకి కోయడం మీ విషయంలోనూ తప్పే. వచ్చే నెల నుంచి అంటే మీ ఆఫర్ లెటర్ చూడండి, అది కాంట్రాక్ట్, ఒక్కళ్లే మార్చలేరు. మెయిల్ చూసి ఏమీ అనకుండా ఆర్నెల్లు తగ్గిన జీతం తీసుకుంటే మాత్రం ఒప్పుకున్నట్టే కదా అంటారు. "అందింది, ఒప్పుకోవడం లేదు" అని రెండు లైన్లు రిప్లై కొట్టండి, గొడవ అక్కర్లేదు.

—

పాత_యూనియన్_మనిషి:

చెల్లెమ్మా ఎక్కడికి పోవాలి అన్నావు కదా. ముందు మేనేజర్‌కి కాకుండా కంపెనీ మెయిల్‌కి ఒక లెటర్, అందులో కథ వద్దు, నాలుగు అంకెలు చాలు, 3,150, 309, 280, ఓవర్‌టైమ్ 2,490, ఏడు రోజుల్లో ఇవ్వండి అని. ఇవ్వకపోతే మీ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర రాతపూర్వకంగా ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకో, స్టాంపు లేని కాపీ చిత్తు కాగితం కింద లెక్క. క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల టైమ్ ఉంది, అథారిటీ తలుచుకుంటే అసలుకి పదిరెట్ల దాకా పరిహారం వేయొచ్చు, ప్రతీసారీ వేస్తారని కాదు, కానీ ఆ మాట ఓనర్ లాయర్‌కి తెలుసు. నీకు లాయర్ కావాలంటే ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీ లీగల్ ఎయిడ్ ఉంది, 15100కి ఫోన్ చెయ్యి.

ఒక్కదానివే పోకు. ఆ 280 పోయిన రెండో అమ్మాయిని కూడా తీసుకెళ్లు.

—

బిల్లింగ్_కౌంటర్_3:

అప్‌డేట్. శనివారం పేపర్ మీద సైన్ పెట్టలేదు. మొత్తం 11 మందిలో నలుగురం పెట్టలేదు, మిగతావాళ్లని ఏమీ అనను, ఒకావిడకి వచ్చే నెల కూతురి ఫీజుంది. సోమవారం మెయిల్ పెట్టాం, బాబాయ్ చెప్పినట్టు అంకెలే. మేనేజర్ పిలిచి ఎవరు నేర్పిస్తున్నారమ్మా నీకు అన్నాడు, ఎవరూ లేరు సార్ కాలిక్యులేటర్ అన్నా.

ఈ రోజు నలుగురికీ 350 పోయి 41 అని సవరించిన స్లిప్ ఇచ్చారు, నా ఒక్కదానికే కాదు, మిగతావాళ్లకి వాళ్ల వాళ్ల నిమిషాల లెక్క. 280 సంగతి ఎంక్వైరీ చేస్తాం అన్నారు. 15 శాతం గురించి హెడ్ ఆఫీస్ చూస్తుంది అంటున్నారు, బ్రేక్ ఊసే ఎత్తలేదు. ఏడు రోజులు వచ్చే సోమవారానికి అయిపోతాయి, మంగళవారం నాకు వీక్లీ ఆఫ్, ఆ అమ్మాయి కూడా ఆఫ్ మార్చుకుంది, ఇద్దరం లేబర్ ఆఫీసుకి వెళ్తాం. రెండు కాపీలు తీసి పెట్టుకున్నా.

ఇంకో డౌట్, సవరించిన స్లిప్‌లో 3,150ని "ఇతరములు" అని మార్చారు, ముందు స్లిప్‌లో "శాలరీ రివిజన్" అని ఉండేది. ఏమైనా తేడా పడుతుందా?

—

హెచ్ఆర్_లో_పదేళ్లు:

పడుతుంది, మీకు మంచిగానే. ఇతరములు అనే కటింగ్ చట్టంలో ఎక్కడా లేదు. రెండు స్లిప్‌లూ పక్కపక్కన పెట్టి జిరాక్స్ తీయించండి, పాతది అడిగినా తిరిగి ఇవ్వకండి. గ్రూప్‌లో 2వ తారీఖు మెసేజ్ డిలీట్ చేశారేమో చూడండి, ఉంటే ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి.

—

బిల్లింగ్_కౌంటర్_3:

నిన్నే డిలీట్ చేశారు. కానీ 2వ తారీఖునే తీసి మా అక్కకి పంపి ఏడ్చా, అక్కడ ఉంది.